వెల్వెట్ అందమంతా నూగులోనే

శరత్కాలంలో సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు పగటికీ రాత్రికీ పొంతన ఉండదు. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాక ఆకాశం తేటపడి, పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి త్వరగా పైకి పోతుంది. నవంబరులో మధ్యాహ్నం 29 డిగ్రీల దాకా ఉండే ఉష్ణోగ్రత తెల్లవారుజాముకు సుమారు 16కు దిగుతుంది. సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో పగటి షిఫ్టు ముగించుకుని రాత్రి కార్తీకమాసపు పెళ్లికి వెళ్లేవారు వెల్వెట్ వేసుకోవచ్చు. షిఫ్టుకు మాత్రం కాటనే మేలు.

దీనికి కారణం నేతలోనే ఉంది. సాధారణంగా రెండు బట్టలను ఒకదానిపై ఒకటి ఉండేలా ఒకేసారి నేస్తారు. రెంటినీ కలుపుతూ పైకీ కిందికీ సాగే పడుగు పోగులను మధ్యలో కత్తితో కోస్తే రెండు వెల్వెట్లు విడివడతాయి. నిలబడిన ఆ పోగుల కొసలే నూగు. వాటి మధ్య చిక్కుకున్న గాలి కదలదు. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. చలి రాత్రికి అది హాయి, ఎండపూట ఉక్కపోత.

రంగు చిక్కగా కనిపించడానికీ నూగే కారణం. దాని మధ్యకు దూరిన వెలుతురులో చాలా భాగం అక్కడే ఇంకిపోతుంది. గాలి వాలును బట్టి వరిపైరు ఛాయ మారినట్టే, నూగు వాలు మారితే వెల్వెట్ రంగూ మారుతుంది: పైకి వాలితే ముదురు, కిందికి వాలితే లేత. అందుకే జాకెట్టు ముందు భాగం, వెనుక భాగం, చేతులు అన్నీ ఒకే వాలులో కత్తిరించమని దర్జీకి ముందే చెప్పండి. లేకపోతే ఒకే తానులోంచి తీసినా రెండు రంగుల్లా కనిపిస్తాయి.

కొనేముందు పోగు ఏదో అడగండి. మామూలు గాలిలో కాటన్ తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకుంటుంది, పట్టు 11 శాతం. పాలిస్టర్ అర శాతమైనా పట్టుకోదు. పాలిస్టర్ వెల్వెట్‌లో చెమట ఇంకదు. పొడి చలిలో స్థిరవిద్యుత్తు పుట్టి బట్ట ఒంటికి అతుక్కుంటుంది కూడా. లోపల పలుచని కాటన్ లైనింగ్ వేయిస్తే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

ఇస్త్రీపెట్టె మాత్రం ఆనించకండి. పాలిస్టర్ పోగు 70-80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఆ వేడిలో నొక్కితే నూగు పడుకుని అలాగే బిగుసుకుంటుంది. తిరగేసి, కాస్త దూరం నుంచి ఆవిరి పట్టండి. మడత పెట్టకుండా హ్యాంగర్‌కు తగిలించండి. భుజాన బరువైన బ్యాగు వేలాడదీసినా అక్కడి నూగు నలుగుతుంది.

ఇక జోడింపు. ఒంటిమీద వెల్వెట్ ఒక్కటే ఉంటే చాలు: సాదా పట్టుచీరకు ముదురు రంగు జాకెట్టు, లేదా కాటన్ కుర్తా మీద కోటు. మగ్గం వర్కు చేయిస్తే మెడకూ చేతుల అంచుకూ పరిమితం చేయండి. కుట్టుపని ఒళ్లంతా పరుచుకుంటే నూగు కనిపించదు, పెట్టిన డబ్బు వృథా.