మాత్రలతో మాయమవదు పంటి చీము!

* రూట్ కెనాల్ జబ్బులకు అవసరానికి మించి యాంటీబయాటిక్స్
* నొప్పి తగ్గినా లోపల కొనసాగుతున్న నష్టం

నరసరావుపేట: మిరప కోతల కాలంలో పల్లెల్లో తరచూ కనిపించే దృశ్యమిది. రాత్రంతా పంటి పోటుతో కునుకు పట్టని కూలీ తెల్లవారగానే ఊళ్లోని మందుల దుకాణానికి వెళతారు. ఒక నొప్పి బిళ్ల, ఒక యాంటీబయాటిక్ మాత్ర వేసుకుని చేనికి బయలుదేరతారు. పట్నంలోని దంతవైద్యుని వద్దకు వెళితే ఒకరోజు కూలి పోతుంది. ఆపై బస్సు చార్జీలు, చికిత్స ఖర్చు. నాలుగు రోజుల్లో నొప్పి తగ్గుతుంది. కొన్ని నెలలకు అదే పన్ను దవడ వాపుతో మళ్లీ మొదటికొస్తుంది.

మందు ఎందుకు చేరదు?

పంటి లోపల రక్తనాళాలు, నరాలతో కూడిన మెత్తని దంతమజ్జ ఉంటుంది. పుచ్చు అక్కడికి చేరితే మజ్జ వాస్తుంది. చుట్టూ గట్టి గోడ ఉన్నందున వాపుకు చోటు చాలక భరించరాని పోటు వస్తుంది. ఈ నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించలేదు. క్రమేణా మజ్జ చనిపోయి, అక్కడికి రక్తప్రసారం ఆగిపోతుంది. మింగిన మందు రక్తం ద్వారానే వెళ్లాలి కనుక అది వేరు కాలువలోకి చేరదు. నరం చచ్చి నొప్పి తగ్గితే మందు పనిచేసిందని రోగి భ్రమపడతారు. ఈలోగా సూక్ష్మజీవులు వేరు కొస వద్ద ఎముకను కరిగిస్తుంటాయి. కాలువను శుభ్రం చేసి మూసివేయడమే రూట్ కెనాల్ చికిత్స. అది వీలుకాకుంటే పన్ను తీయించుకోవాలి.

వైద్యులూ రాస్తున్నారు

అనవసర వాడకం మందుల దుకాణాలకే పరిమితం కాలేదు. పంటి పోటుకు అమాక్సిసిలిన్‌తో పాటు మెట్రోనిడజోల్ రాయడం ఆనవాయితీగా మారింది. దూరం నుంచి వచ్చిన రోగి మళ్లీ వస్తారో రారోనన్న సందేహం, రాత్రికి వాపు వస్తుందేమోనన్న భయం, మందు రాయకుంటే రోగికి నమ్మకం కుదరకపోవడం ఇందుకు కారణాలు. అమెరికాలోనూ ఆసుపత్రుల బయట రాసే యాంటీబయాటిక్స్‌లో దాదాపు 10 శాతం దంతవైద్యులు రాసేవే. అక్కడి దంతవైద్య సంఘం 2019లో మార్గదర్శకాలు వెలువరించింది. ఆరోగ్యవంతులైన పెద్దలకు పంటి చికిత్స అందుబాటులో ఉంటే ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి యాంటీబయాటిక్ వద్దని స్పష్టం చేసింది.

ఎప్పుడు తప్పనిసరి?

జ్వరం, నీరసం, ముఖానికి లేదా మెడకు పాకుతున్న వాపు ఉంటే యాంటీబయాటిక్ అవసరం. చీము పట్టినా వెంటనే చికిత్సకు వీలులేనప్పుడు కూడా వాడతారు. రోగనిరోధక శక్తి తగ్గినవారు, గుండె కవాటం మార్పిడి చేయించుకున్నవారు ముందుగానే వైద్యునికి చెప్పాలి. మందు రాసినా చికిత్స వాయిదా వేయరాదు. దవడ కింద వాపుతో నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా ప్రాణాపాయమే. తక్షణం పెద్దాసుపత్రికి తరలించాలి.

పత్తి చేను నేర్పిన పాఠం

మందుకు లొంగని శత్రువు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు లొంగలేదు. పదేపదే పిచికారీ చేసినకొద్దీ తట్టుకున్న పురుగులే మిగిలి పెరిగాయి. పంట పోయి, అప్పులపాలై పలువురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. శరీరంలోని సూక్ష్మజీవుల విషయంలోనూ జరిగేది అదే. నేడు పంటికి అనవసరంగా వాడిన మందు, రేపు న్యుమోనియాకో, పుండుకో అవసరమైనప్పుడు పనిచేయకపోవచ్చు.

చీటీ లేకుండా కొనరాదు

అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ షెడ్యూల్ హెచ్ మందులు. వైద్యుని చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. సెఫిక్సిమ్ వంటివి 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 జాబితాలో ఉన్నాయి. వాటి అమ్మకాలను దుకాణదారు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయాలి. అట్టపై నిలువు ఎర్ర గీత ఉంటే చీటీ అవసరమని గుర్తించాలి.

ఇవి పాటించండి

* చల్లని, వేడి పదార్థాలకు పన్ను జివ్వుమన్నప్పుడే చూపించుకోవాలి. పుచ్చు చిన్నదైతే సిమెంటుతో సరిపోతుంది.
* "ఈ మందు ఎందుకు? ఎన్ని రోజులు?" అని వైద్యుని అడగాలి.
* మిగిలిన మాత్రలు దాచుకోవడం, ఇరుగుపొరుగుకు ఇవ్వడం మానాలి.
* గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో దంత విభాగాలు ఉన్నాయి. ఖర్చుకు వెరచేవారు ముందుగా అక్కడ సంప్రదించవచ్చు.

ఒకరోజు కూలి పోతుందని వెనుకాడితే తరువాత పన్నుతో పాటు పది రోజుల కూలీ పోయే ప్రమాదం ఉంది.