అవ్వ పాట – నాపరాతి గది

మీ అవ్వకు తిరుగలి పాటలు వచ్చునా? అయితే ఆలస్యం చేయక రికార్డు చేసి దాచుకోండి. అవి చాలావరకు ఏ పుస్తకంలోనూ దొరకవు.

కాని రికార్డు చేసి వింటే పాట బావిలోంచి పాడినట్లుంటుంది. ఎందుచేత?

కడప, కర్నూలు ప్రాంతపు ఇళ్ళలో నేలకు నాపరాళ్ళు పరుస్తారు. గట్టిగా, నున్నగా ఉండే ఈ రాయి తనపై పడిన శబ్దాన్ని దాదాపు అంతా పరావర్తనం చేస్తుంది. గోడలూ అంతే. అవ్వ గొంతు నేరుగా ఒకసారి, నేలకూ గోడలకూ తగిలి మరెన్నోసార్లు మైకును చేరుతుంది. ఇదే ప్రతినాదం. ఎదుట కూర్చుని వింటే మన రెండు చెవులూ, మెదడూ కలిసి దీన్ని చాలావరకు పట్టించుకోవు. మైకుకు ఆ తెలివి లేదు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలకూ ఇదే జబ్బు ఉండేది. 1895లో వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు ఆ పనికి పూనుకున్నాడు. గదిలో కుర్చీల దిండ్లు పేర్చి, ఎన్ని దిండ్లకు ప్రతినాదం ఎంత తగ్గుతుందో కొలిచాడు. దూది, గుడ్డల సందుల్లో దూరిన శబ్దశక్తి ఉష్ణంగా మారిపోతుంది.

మనకు బొంతలున్నాయి కదా! ఒకటి నేలపై పరచండి. మరి రెండు అవ్వ వెనుకా, ఎదుటా దండేల మీద వేలాడదీయండి. ఫ్యాను ఆపండి. సెల్‌ఫోనును నోటికి జానెడు దూరంలో, ఊపిరి తగలకుండా కొంచెం పక్కగా పెట్టండి. దూరం సగమైతే నేరుగా వచ్చే శబ్దతీవ్రత నాలుగింతలవుతుంది, ప్రతినాదం పెరగదు.

ముందు మీ గొంతుతోనే, బొంతలు లేకుండా ఒకసారి, కట్టి ఒకసారి రికార్డు చేసి పోల్చండి. తేడా తెలిశాక అవ్వను పాడమనండి. ఆమెను రెండుసార్లు అలసిపోనివ్వకండి.