ఉద్యోగి సొంత ఫోను – సంస్థ నెట్‌వర్క్ ప్రణాళిక
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని బియ్యం మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లుల వంటి మధ్యతరహా సంస్థలలో గుమాస్తా సొంత ఫోనులోనే రైతుల బ్యాంకు ఖాతాల వివరాలు, తూకం చీటీల ఫొటోలు ఉంటే, ఆ ఫోను పోయిననాడు నష్టం రైతుకు, బాధ్యత సంస్థకు. సమాచార చౌర్యాన్ని గుర్తించిన 6 గంటలలోగా నివేదించాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

కావున లెక్కల కంప్యూటర్లు, ఉద్యోగుల ఫోన్లు, అతిథుల ఫోన్లు వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోనులోని వర్క్ ప్రొఫైల్‌లో సంస్థ సమాచారాన్ని విడిగా ఉంచి, అవసరమైనప్పుడు దానిని మాత్రమే తొలగించాలి. కుటుంబ ఫొటోల జోలికి పోరాదు. ఈ హద్దును ముందే తెలుగులో రాసి ఇవ్వాలి. అన్నీ తుడిచివేస్తారన్న భయమున్న ఉద్యోగి ఫోను పోయిన సంగతిని దాస్తారు. ఆ హద్దుపై నమ్మకమున్నవారు వెంటనే చెబుతారు.