చెరకు బకాయా? జిన్నా పటమా?

చెరకు నరికి మిల్లుకు తోలిన రైతుకు 14 రోజుల్లో డబ్బు ముట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ఈ మాట చెబుతోంది. ఆ వడ్డీ కళ్ళజూసిన రైతు మాకింతవరకూ తగల్లేదు. మిల్లు డబ్బు రాకపోతే రైతు నరుకుడు కూలీలకు రేపు, మాపు అంటాడు. అంటే బకాయి చివరికి వచ్చి పడేది కూలివాడి పొయ్యి మీద. అనకాపల్లి, చోడవరం వైపు చెరకు పనికి పోయినవాళ్ళకు ఈ సంగతి మేము చెప్పక్కర్లేదు.

మరి ఇంత బాధ ఉన్నచోట ఓటు ఆ బాధను బట్టే పడాలి గదా! ఎందుకు పడదు? ఉత్తరప్రదేశ్‌లో పడమటి వైపున ముజఫర్‌నగర్, షామ్లీ జిల్లాలున్నాయి. అది చెరకు సీమ. అక్కడ జరిగింది చూస్తే ఈ కిటుకు బోధపడుతుంది.

అక్కడ భూములు ఎక్కువగా జాట్లవి. ముస్లింలలో రైతులూ ఉన్నారు గానీ, చాలామంది కూలీలు, కమ్మరులు, మంగళ్ళు, ఇటుక బట్టీ పనివాళ్ళు. 1987లో కరెంటు రేట్లు పెంచితే మహేంద్రసింగ్ టికాయత్ నాయకత్వాన రైతులంతా కర్ముఖేడా కరెంటు ఆఫీసు ముందు బైఠాయించారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు రైతులు నేలకొరిగారు. ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. 1989లో ఒక ముస్లిం యువతిని ఎత్తుకుపోయి చంపేస్తే, న్యాయం కావాలని భోపా దగ్గర కాలువ గట్టున వారాల తరబడి ధర్నా చేసింది ఈ జాట్ రైతులే. ఆ సభల్లో 'అల్లాహు అక్బర్', 'హర హర మహాదేవ్' నినాదాలు రెండూ ఒకే వేదిక మీంచి వినబడేవి. టికాయత్ సంఘాన్ని మేము ఆకాశానికెత్తబోవడం లేదు. అది భూమి ఉన్నవాళ్ళ సంఘం. కూలి రేటు ఊసు అక్కడ తక్కువే. అయినా సర్కారు దాన్ని చూసి జంకిందంటే, రెండు మతాలవాళ్ళూ ఒక పంక్తిలో కూచోబట్టే.

అప్పుడు ఆడపిల్లకు న్యాయం కావాలని కలిసినవాళ్ళను, 2013లో ఆడపిల్ల పేరు చెప్పే విడగొట్టారు. ఆగస్టు 27న కవాల్ గ్రామంలో గొడవ జరిగి ఒక ముస్లిం యువకుడు, ఇద్దరు జాట్ యువకులు హత్యకు గురయ్యారు. అది కోర్టులో తేలాల్సిన కేసు. ఇంతలో సెల్‌ఫోన్లలో ఒక వీడియో తిరిగింది, కవాల్ హత్య ఇదేనని. నిజానికి అది 2010లో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో జరిగిన హత్య! సెప్టెంబరు 7న కోడళ్ళను, కూతుళ్ళను కాపాడుకుందామంటూ మహాపంచాయతీ పెట్టారు. బీజేపీ నాయకులు వేదికెక్కారు. రైతు సంఘం నాయకులూ పోయారు. ఆ తర్వాత 60 మందికి పైగా చనిపోయారు. 50 వేల మందికి పైగా ఊళ్ళు వదిలి పారిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది రెక్కాడితేగాని డొక్కాడని ముస్లిం కూలీలు, చేతిపనివాళ్ళు. ఆడవాళ్ళ రక్షణ అని మొదలైన దాంట్లో ఆడవాళ్ళ మీదే అత్యాచారాలు జరిగాయి.

అప్పుడు లక్నోలో ఉన్నది లౌకికవాదం జపం చేసే సమాజ్‌వాదీ ప్రభుత్వం. ముందే జాగ్రత్త పడలేదని 2014 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టింది. ఇల్లు పోయిన కుటుంబాలకు ఆ ప్రభుత్వం 5 లక్షలిచ్చింది, ఇస్తూ ఇక మా ఊరికి పోము అని కాగితం రాయించుకుంది. తరిమింది ఒకరు, రానని రాయించుకుంది ఇంకొకరు.

ఇక అసలు సంగతికి వద్దాం. అల్లర్లు జరిగి రెండు నెలలు కాగానే, 2013 నవంబరులో, ఉత్తరప్రదేశ్ ప్రైవేటు మిల్లులు క్రషింగ్ మొదలుపెట్టేది లేదని మొండికేశాయి. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ధర క్వింటాలుకు 280 రూపాయలు. అంత ఇవ్వలేమన్నాయి. చివరికి కుదిరిందేమిటి? 260 ముందు, మిగతా 20 తర్వాత. ఆ 280 కూడా 2012–13 నుంచి 2015–16 దాకా నాలుగు సీజన్లు కదల్లేదు. కూలివాడు అడిగినప్పుడు రైతు చూపించిన సాకు కూడా ఇదే. 1987లో మాదిరి కలిసి కూచుందామంటే పక్కన కూచునేవాడేడీ? మసీదు వైపు వాడొకడు, గుడి వైపు వాడొకడు అయిపోయిరి. 2014 ఎన్నికల్లో ఆ రాష్ట్రంలోని 80 లోక్‌సభ సీట్లలో 71 బీజేపీ పట్టుకుపోయింది.

2018 మే నెలలో కైరానా ఉప ఎన్నిక వచ్చింది. సరిగ్గా అప్పుడే అలీగఢ్ విశ్వవిద్యాలయం విద్యార్థి సంఘం గోడ మీది జిన్నా పటం మీద రగడ లేచింది. దేశ విభజనకు ముందునుంచీ ఉన్న ఆ పటం అన్నేళ్ళూ ఎవరికంటా పడలేదు కాబోలు! ఈసారి రైతులు 'జిన్నా కాదు, గన్నా' అన్నారు. గన్నా అంటే చెరకు. జిన్నా సంగతి తర్వాత, ముందు మా బకాయి సంగతి తేల్చండన్నారు. రాష్ట్రీయ లోక్‌దళ్ తరఫున నిలబడ్డ ముస్లిం మహిళ తబస్సుమ్ హసన్ గెలిచింది. ఏడాది తిరగకుండానే, 2019లో, పుల్వామా, బాలాకోట్ హోరులో ఆ సీటు మళ్ళీ బీజేపీకి పోయింది. ఒక్కసారి కళ్ళు తెరిచినంత మాత్రాన ఇక మూసుకోవని లేదు.

మూడు సాగు చట్టాల మీద పోరాటంలో 2021 జనవరి 29న ముజఫర్‌నగర్‌లో పంచాయతీ జరిగింది. 2013 తర్వాత టికాయత్ కొడుకులకు దూరమైన గులామ్ మహమ్మద్ జౌలా ఆ వేదిక మీదికొచ్చి, జరిగిన తప్పు మొహానే చెప్పాడు. సెప్టెంబరు 5న అదే ఊళ్ళో లక్షలాది జనం మధ్య ఆ పాత నినాదాలు రెండూ మళ్ళీ కలిసి వినిపించాయి. మూడు వారాలకే, సెప్టెంబరు 26న, నాలుగు సీజన్లుగా బిగదీసిన చెరకు ధరను యోగి ప్రభుత్వం క్వింటాలుకు 25 రూపాయలు పెంచింది. నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రధాని ప్రకటించాడు. ఎన్నికలు దగ్గరకొచ్చాయి గనక పెంచారని కొందరన్నారు. అంతకుముందూ ఎన్నికలొచ్చాయి, 2019లో వచ్చాయి, అప్పుడెందుకు పెరగలేదు?

2022 జనవరికల్లా ముఖ్యమంత్రి ఈ ఎన్నిక 80 శాతానికీ 20 శాతానికీ మధ్య అనేశాడు. రాష్ట్రం మొత్తమ్మీద ఆ లెక్క పారింది. షామ్లీ జిల్లాలో మాత్రం మూడు సీట్లూ ఓడిపోయారు. ఓడినవాళ్ళలో చెరకు శాఖ మంత్రి కూడా ఉన్నాడు.

గన్నా నినాదమిచ్చిన లోక్‌దళ్ 2024 ఎన్నికలకు బీజేపీ పక్కన చేరింది. అయినా ఆ ఏడు ముజఫర్‌నగర్‌లో కేంద్ర మంత్రి సంజీవ్ బల్యాన్ ఓడాడు. 2013లో ఊళ్ళు వదిలిన కూలీల్లో చాలామంది మాత్రం వెనక్కి పోలేదు. కొత్త కాలనీల్లోనే ఉండిపోయారు.