మోటారుసైకిలుపై మమకారము



కొండకర్ల ఆవయొడ్డున సాయంకాలమున నిలుచున్నవారికి రెండు దృశ్యములు కానవచ్చును. నీటిపై తాటిదోనె చప్పుడు లేక సాగిపోవుచుండును. ఊరిబాటను మోటారుసైకిలు దడదడలాడుచు దూసికొనిపోవుచుండును. దోనెలోని వృద్ధుడు బాటవైపు చూచి "వీనికి ప్రాణభీతి లేదు" అని తల యాడించును. కాని ఆ కుఱ్ఱవాడు పరాయివాడు కాడు. మన యింటి మనుమడే.

వానికి మనము హితము చెప్పుచునే యున్నాము. "నాయనా, మెల్లగా పో" అందుము. "అట్లే తాతా" అని వీధిమలుపు దాటినంతనే వేగము హెచ్చించును. అపాయమున్నదని వానికి తెలియకపోలేదు. తెలిసియు ఆ బండిపై మమకారము విడువకుండుటకు కారణమేమి? అది తెలిసికొననిదే మన హితవు వాని చెవి కెక్కదు. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

ఈ యంత్రము పుట్టుక 1885వ సంవత్సరములోనిది. జర్మనీదేశమున దైమ్లరు, మైబాకు అను ఇరువురు శిల్పులు కొయ్యచట్రమునకు పెట్రోలుయంత్రమును బిగించి, ప్రక్కల ఊతకు రెండు చిన్నచక్రములుంచి నడిపించిరి. మన దక్షిణదేశమున 1955లో మదరాసునందు ఎన్‌ఫీల్డువారి బుల్లెట్టు తయారీ మొదలయ్యెను. పిమ్మట జావా, రాజదూతు బండ్లు వచ్చెను. ఆనాడు మోటారుసైకిలు ఊరికి ఒకటియో రెండో. 1985లో హీరోహోండావారి తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు బండి వచ్చిన తరువాతనే పాలకడవలు, కూరగంపలు, ఎఱువుబస్తాలు దానిపై కెక్కినవి.

కావున మమకారమునకు మొదటి కారణము బ్రతుకుతెరువు. అచ్యుతాపురమున ప్రత్యేక ఆర్థికమండలి వెలసిన పిమ్మట చుట్టుప్రక్కల గ్రామములనుండి ఎందఱో వంతులవారీగా పనులకు పోవుచున్నారు. రాత్రివంతు ముగియువేళకు బస్సు దొరకవలెనన్న నియమము లేదు. బండి యున్నవాడు తన కాలమునకు తానే యజమాని. అర్ధరాత్రి యింట పురిటినొప్పులు వచ్చినను ఒకరి వాకిట నిలిచి అడుగ నక్కఱలేదు. దీనిని విలాసమని కొట్టివేయుట న్యాయము గాదు.

రెండవ కారణము సమతూకపుటానందము. మన ఆవలోని దోనెను చూడుడు. ఒక్క తాటిమ్రాను తొలిచి నీట వేసిన అది దొర్లును. అందుచేత రెండింటిని జోడించి కట్టెదరు. మోటారుసైకి లొంటిదోనె వంటిది. నిలిచియున్న పడిపోవును, సాగుచున్ననే నిలుచును. వేగముగా పోవుచు కుడికి తిరుగవలసినవాడు పిడిని కుడిచేతితో కొంచెము ముందుకు నెట్టును. చక్రము క్షణకాలము ఎడమకు మఱలును. బండి కుడికి ఒఱగును. ఒఱగి కుడికి తిరుగును. నడుపువాడు దీనిని సూత్రముగా నెఱుగడు; వాని దేహ మెఱుగును. కారులో కూర్చున్నవానిని మలుపు ప్రక్కకు త్రోయును. మోటారుసైకిలుపై నున్నవాడు మలుపుతో పాటు తానును ఒఱగును. ఈత వచ్చినవానికి నీటియందుండు సుఖమే వీనికి బాటయందుండును.

మూడవ కారణము మనస్సునకు సంబంధించినది. బండి నడుపునపుడు కన్ను, చెవి, చేయి, కాలు అన్నియు ఒక్క పనియందు లగ్నమగును. అప్పులు, పై అధికారి మాటలు, ఇంటి చిక్కులు ఆ కొంతసేపు వెనుకబడును. పరులకు సాహసముగా కనబడునది వానికి విశ్రాంతి. దీనికి తోడు వయస్సు. ముందువెనుకల నాలోచించి నిగ్రహించు మెదడుభాగము ఇరువదియైదేండ్ల ప్రాంతమువఱకు పరిపక్వము గాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చెలికాండ్రు చూచుచుండగా ఆ నిగ్రహము మఱింత సడలును. మన మాత్రము ఏమి చేసితిమి? సంక్రాంతికి ఎడ్లబండ్లను పందెమునకు తోలలేదా? దిగుడుబావి గట్టునుండి దూకలేదా? ఆనాడు మన తాతలును ఇట్లే తల యాడించిరి.

ఐనను ఒక భేద మున్నది. ఎడ్లకు తమ ప్రాణముపై తీపి కలదు, ఇనుమునకు లేదు. వేగము రెట్టింపైన దెబ్బ నాలుగింత లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోయి గోడను తాకుట 6 మీటర్ల ఎత్తునుండి పడుటతో సమానము. 60 కిలోమీటర్లైన 14 మీటర్లు, అనగా ఎత్తైన తాటిచెట్టు మొవ్వునుండి పడినట్లు. 80 ఐన 25 మీటర్లు. అంత ఎత్తైన తాటిచెట్టు అరుదు. తాటిచెట్టెక్కు గీతగాడు మోకు లేక ఎక్కునా? ఏండ్లతరబడి ఎక్కినవాడైనను నడుమునకు మోకు చుట్టుకొనియే ఎక్కును. వానిని పిఱికివాడని ఎవ్వరును అనరు. బండి నడుపువానికి హెల్మెట్టు అట్టి మోకు.

దీని వెనుక నొక కథ కలదు. అరేబియా లారెన్సని ప్రసిద్ధిచెందిన ఆంగ్లేయసైనికునకు మోటారుసైకిలే ప్రాణము. 1935 మే నెలలో ఇంగ్లండున తన యింటికి సమీపమున, సైకిళ్లపై పోవు ఇరువురు బాలురను తప్పింపబోయి పడి, తలకు దెబ్బ తగిలి, ఆఱుదినములు స్మృతిలేక యుండి మరణించెను. తలకు రక్షణ లేకుండెను. చూడవచ్చిన వైద్యులలో కెయిరన్సు అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆయన తరువాత సైన్యమున వార్తలు గొనిపోవు మోటారుసైకిలు భటుల తలగాయములను పరిశీలించి 1941లో ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషుసైన్యము అట్టి భటులకు హెల్మెట్టును విధించెను.

హెల్మెట్టు పనిచేయు విధము తేలిక. పైచిప్ప దెబ్బను పఱచును. లోపలి తేలికయైన మెత్త నలిగి, తల ఆగుటకు మఱికొంత వ్యవధి నిచ్చును. ఒకసారి నలిగిన మెత్త మరల పనికిరాదు. గడ్డముక్రింది పట్టీ బిగింపనిచో అది తలకంటె ముందే యెగిరిపోవును. వివిధదేశముల పరిశోధనలను కూర్చిన వైద్యులు 2008లో తేల్చినది యేమనగా, హెల్మెట్టు తలగాయములను నూటికి 69 వంతులు, మరణములను 42 వంతులు తగ్గించునని. మన దేశమున 2022లో రహదారి ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపైవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చుండువారెవరు? మన కోడండ్రు, మన కూతుండ్రు, ఒక్కొక్కప్పుడు మనమే.

పెద్దలారా, కుఱ్ఱవారిని అనుటకు ముందు మన చేతిలోని పనులను చూచుకొందము. పెండ్లిమాటలలో అల్లునికి బండి కావలెనని అడుగువారమును, ఇత్తుమని ఒప్పుకొనువారమును మనమే. రెండు హెల్మెట్లు కూడ నుండవలెనని ఆ మాటలలో ఎవరైన అనిరా? పదునెనిమిదేండ్లు నిండని బాలునికి గేరుబండి తాళపుచెవు లిచ్చునది మనమే. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము బాలుడు బండి నడిపి నేరము చేసిన తండ్రికో సంరక్షకునికో 25,000 రూపాయల జరిమానా, మూడేండ్లవఱకు ఖైదు. నూర్పుకాలమున తారుబాటపై ధాన్యము ఆరబోసి చుట్టు రాళ్లు పేర్చునదియు మనమే. రాత్రివేళ ఆ రాయి కనబడదు. గడ్డిపై చక్రము జాఱును. చెఱకు నింపిన బండి వెనుక దీపము గాని మెఱయు ఎఱ్ఱబిళ్ల గాని లేకున్న, వెనుక వచ్చువానికి చీకటిలో గోడ కట్టినట్లే. ఇవి మన మాటతో మాన్పింపదగినవి.

మనుమనితో మాటలాడునపుడు బండిని నిందింపకుడు. "నాయనా, దీనిని నడుపుట యెట్టిదో చెప్పు" అని యడుగుడు. వాడు సంతోషముతో చెప్పును. విన్న తరువాత మన తాటిచెట్టు లెక్క చెప్పుడు. తన ఆనందమును గ్రహించినవాని మాట వాడు త్రోసివేయడు. పట్టీ బిగించు క్లిక్కుమను శబ్దము వినబడినదాక వాకిట నిలిచి యుండుడు. ఆవమీద దోనె పోవును. బాటపై బండి పోవును. పోయినవి తిరిగి గట్టు చేరవలెను. అదియే మన కోరిక.