ఖర్చుల కోసం పెట్టిన పత్రిక: ‘బ్లాక్ మాస్క్’ కథ

రాత్రి, వర్షం, సిగరెట్ పొగ, ఎవర్నీ నమ్మని ఒక డిటెక్టివ్... ఓటీటీలో సగం క్రైమ్ సిరీస్‌లలో ఇదే మూడ్ కదా. ఇది ఎక్కడ పుట్టిందా అని వెనక్కి వెళ్తే, ఒక చవక పత్రిక దగ్గర ఆగుతాం. పేరు ‘బ్లాక్ మాస్క్’. అమెరికా, 1920.

పెట్టింది హెచ్.ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నాథన్. ఇద్దరూ అప్పట్లో పేరున్న విమర్శకులు. వాళ్ళు నడిపే ‘ది స్మార్ట్ సెట్’ అనే సాహిత్య పత్రిక డబ్బుల్లేక కిందా మీదా పడుతోంది. దాన్ని బతికించడానికి ఈ మాస్ పత్రిక పెట్టారన్నమాట. కొద్ది నెలల్లోనే లాభానికి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. దానిమీద వాళ్ళకి గౌరవమేమీ లేదు. మన దగ్గరా అంతే లెండి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలల్ని క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం ఒకటుంది.

ఇలాంటి పత్రికల్ని ‘పల్ప్’ అనేవాళ్ళు. చెక్క గుజ్జుతో చేసిన నాసిరకం కాగితం, అందుకే ఆ పేరు. కొన్నేళ్ళకే పసుపెక్కి, పట్టుకుంటే విరిగిపోతుంది. రచయితకి డబ్బు పదాల లెక్కన ఇచ్చేవాళ్ళు. పెర్రీ మేసన్‌ని సృష్టించిన గార్డ్‌నర్ కూడా ఇందులో రాసినవాడే. మీ హీరో గురి ఎప్పుడూ ఆఖరి గుండుకే ఎందుకు కుదురుతుంది అని అడిగితే, ‘ఢాం’ అని రాసినప్పుడల్లా మూడు సెంట్లు వస్తుంటే, తుపాకీలో ఇంకా గుళ్ళుండగా ఫైట్ ఎలా ఆపుతాను అన్నాడని చెప్పుకుంటారు.

ఇప్పుడు అసలు మనిషి. డాషియల్ హామెట్. పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో నిజంగా పనిచేసినవాడు. టీబీ వచ్చింది. తిరిగే ఉద్యోగం ఇక చేయలేడు, ఇంట్లో పెళ్ళాం, బిడ్డ. కూర్చుని చేయగలిగిన పని రాయడమే. 1923లో తన డిటెక్టివ్‌తో మొదటి కథ వచ్చింది, అదీ మారుపేరుతో. ఆ డిటెక్టివ్‌కి అసలు పేరే ఉండదు. పొట్టిగా, లావుగా ఉంటాడు, ఏజెన్సీ పంపిన చోటికి వెళ్తాడు, పని చేసుకుని వస్తాడు. అంతే!

నాకు ఇక్కడే ఆసక్తి. అప్పటి డిటెక్టివ్ కథల్లో ఎక్కువగా శవం అంటే ఒక పజిల్. పెద్ద బంగళా, పదిమంది అతిథులు, చివర్లో ముడి విప్పడం. హామెట్ కథల్లో ముడి విప్పినా ఊరు బాగుపడదు. ‘రెడ్ హార్వెస్ట్’ చూడండి. సమ్మె అణచడానికి గని యజమాని రౌడీల్ని తెస్తాడు. సమ్మె అణిగింది, కానీ రౌడీలు ఊరు వదలరు. పోలీసులూ వాళ్ళతోనే. ఇక హంతకుడు ఒక్కడని ఎలా చెప్తాం?

ఇది రాయడానికి ముందు ఆయన పత్రిక మానేశాడు కూడా. రేటు పెంచమన్నాడు, పెంచలేదు. నగల షాపుకి యాడ్స్ రాసే పనికి వెళ్ళాడు. 1926లో ఎడిటర్‌గా వచ్చిన జోసెఫ్ షా పిలిచి మళ్ళీ రాయించాడు. ‘మాల్టీస్ ఫాల్కన్’ 1929 సెప్టెంబర్ నుంచి సీరియల్‌గా వచ్చింది అందుకే. ఆయిల్ కంపెనీ ఉద్యోగం పోయిన రేమండ్ చాండ్లర్ తొలి క్రైమ్ కథ కూడా ఇక్కడే, 1933లో.

‘ది స్మార్ట్ సెట్’ 1930లో ఆగిపోయింది. దాని ఖర్చుల కోసం పుట్టింది మాత్రం ఇంకో 21 ఏళ్ళు నడిచింది. పాకెట్ పుస్తకాలు, టీవీ వచ్చాక 1951లో మూతపడింది.

అదే ఏడాది హామెట్ జైల్లో ఉన్నాడు. కమ్యూనిస్టుల బెయిల్ ఫండ్‌కి ఆయన ట్రస్టీ. డబ్బిచ్చిన వాళ్ళ పేర్లు చెప్పమంది కోర్టు. ఒకప్పుడు జనం దగ్గర నిజాలు రాబట్టడమే ఈయన ఉద్యోగం. ఒక్క పేరూ చెప్పలేదు. దాదాపు ఐదు నెలలు లోపలే ఉన్నాడు.

చాండ్లర్ సంగతి ఇంకో ఎపిసోడ్‌లో. ఉంటాను, బై.