ఆవిరి ఆగేదాకా మూత తెరవొద్దు

హైదరాబాద్ విద్యానగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో నాకు తెలిసి నాలుగిళ్లలో వాఫిల్ మేకర్ ఉంది. అందులో మూడు అటకెక్కాయి. నాలుగోది మాదే. మొన్న దసరా దాకా అదీ అటక మీదే, పాత కుక్కర్‌కీ బొమ్మల కొలువు పెట్టెకీ మధ్య ఉండేది.

ఎందుకెక్కించారని అడిగితే అందరూ ఇంచుమించు ఒకే కథ చెబుతారు. పిండి అంటుకుపోయింది, సగం పై ప్లేటుకీ సగం కింది ప్లేటుకీ చీలిపోయింది. లేదంటే తోలులా సాగింది. కడగడానికి గంట పట్టింది. మూడో అంతస్తు పిన్నిగారైతే, "పచ్చలైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. పాడైపోయిన పీసు అంటగట్టారమ్మా" అని ఇప్పటికీ బాధపడతారు. ఆవిడ మిషన్ నేను చూశాను. అది నిక్షేపంలా ఉంది. అసలు చిక్కల్లా ఆ లైటు ఏం చెబుతోందో ఎవరూ ఆవిడకు చెప్పకపోవడమే.

వాఫిల్ అంటే గళ్లగళ్లుగా వచ్చే మందపాటి అట్టు. దాన్ని కాల్చే వాఫిల్ మేకర్ అంటే కీలుతో కలిపిన రెండు గళ్ల పెనాలు, అంతే. గుంత పొంగనాల పెనం మీద అలాంటిదే ఇంకోటి బోర్లించి మూసినట్టు ఊహించుకోండి. ఒక్కో ప్లేటు వెనక కరెంటుతో కాగే తీగ ఉంటుంది. వేడి ఒక హద్దు దాటితే కరెంటు ఆపి, చల్లబడితే మళ్లీ ఇచ్చే థర్మోస్టాట్ ఉంటుంది. ఇస్త్రీపెట్టెలో లైటు ఆరుతూ వెలుగుతూ ఉండటం మనకు అలవాటే, దాన్ని ఎవరూ పాడైందనరు. ఇదీ అదే. చాలా మోడళ్లలో ఎర్రలైటు కరెంటు వస్తోందని, పచ్చలైటు ప్లేట్లు కాగాయని చెబుతాయి. కొన్నిటిలో ఈ రంగులు తారుమారుగా ఉంటాయి కాబట్టి పెట్టెలో వచ్చిన కాగితం ఒక్కసారి చదవాలి. ఏ రంగైనా ఆ లైటు చెప్పేది ప్లేటు సంగతే. లోపలి పిండి ఉడికిందో లేదో దానికి తెలియదు.

మరి ఉడికిందని ఎవరు చెబుతారు? ఆవిరి చెబుతుంది.

పిండి జారుగా ఉందంటే అందులో బోలెడంత తడి ఉన్నట్టే. ఆ తడి ఉన్నంతసేపూ వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది, పిండి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అట్టు ఎర్రబడాలన్నా, కమ్మటి వాసన రావాలన్నా పైపొర 140 డిగ్రీలు దాటాలి. అంటే ముందు పైపొర ఎండాలి, తర్వాత ఎర్రబడాలి. ఆ ఎండిన పొరే ప్లేటును వదిలేస్తుంది. పిండి పోసిన రెండో నిమిషంలో అంచుల నుంచి ఆవిరి బుసబుసా వస్తుంటే, ఆత్రంగా మూత ఎత్తి చూస్తాం. తడిపొర రెండు ప్లేట్లకూ పట్టుకుని నడిమికి చీలుతుంది. ఇళ్లలో వినపడే "అంటుకుపోయింది" అనే ఫిర్యాదులో సగానికి పైగా ఇదేనని నా నమ్మకం. 750 వాట్ల మిషన్‌లో ఆవిరి బాగా సన్నగిల్లడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. మూతను కొంచెం ఎత్తి చూసినప్పుడు పట్టేసినట్టు అనిపిస్తే బలవంతం చెయ్యొద్దు. ఇంకో నిమిషం ఆగితే అదే వదులుతుంది.

ఈ సూత్రం మనకు కొత్తదేమీ కాదు. గులాబీ పువ్వులు వండినవాళ్లెవరైనా చెబుతారు. ఇనుప అచ్చు నూనెలో సరిగ్గా కాగకుండా పిండిలో ముంచితే పువ్వు అచ్చును వదలదు. మొదటి రెండు మూడు పువ్వులు పోయాకే దారికొస్తుంది. మా అమ్మ ఆ మొదటి పువ్వులను లెక్కలోనే వేసేది కాదు. వాఫిల్‌లోనూ మొదటిది వంటవాళ్ల పాలు అనుకుంటే సగం బెంగ తీరుతుంది.

అంటుకుపోయిన వాఫిల్ మిషన్ల చరిత్రలో అన్నిటికన్నా పేరుమోసింది అమెరికాలో ఉంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగుపందేల కోచ్, నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకరు బిల్ బౌవర్‌మన్. బూట్ల అడుగు నేలను గట్టిగా పట్టుకోవాలంటే ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ, 1970ల మొదట్లో భార్య బార్బరా వంటింటి వాఫిల్ మిషన్‌లో యూరిథేన్ రబ్బరు ద్రవం పోశాడు. లోపల ఏదీ రాయలేదు. మిషన్ మూసుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. కానీ ఆ గళ్ల ఆలోచన బతికి, బూటు అడుగై కంపెనీని నిలబెట్టింది. మనింట్లో అంత నష్టం ఎప్పుడూ జరగలేదు కదా!

రాయడం అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పుకోవాలి. నాన్‌స్టిక్ అని రాసున్నా మొదట్లో కొంచెం నూనో నెయ్యో కుంచెతో పలచగా అద్దాలి. అట్ల పెనం మీద సగం కోసిన ఉల్లిపాయతో రుద్దినట్టు రుద్దినా సరే. డబ్బాల్లో వచ్చే స్ప్రే నూనెలు మాత్రం వద్దు. వాటిలో చాలావాటికి లెసిథిన్ కలుపుతారు. అది వేడికి జిగురుపొరలా గట్టిపడి, ఊడిరావాల్సిన ప్లేటునే అంటుకునే ప్లేటుగా మారుస్తుంది. పిండిలో చక్కెర ఎక్కువైనా అంతే, అది పాకమై పట్టేస్తుంది. తీపి కావాలంటే తేనో బెల్లం పాకమో పైన పోసుకోవచ్చు. ఆ గళ్లు ఉన్నదే అందుకు.

ఇక రెండో పెద్ద ఫిర్యాదు, మెత్తబడిపోవడం. మిషన్‌లోంచి తీసినప్పుడు కరకరలాడిన వాఫిల్ బల్ల మీదికి వచ్చేసరికి తడిసిన అట్టముక్కలా అయిపోతుంది. దీనికీ దోషి ఆవిరే. వేడి వాఫిల్‌ను స్టీలు పళ్లెంలో పెడితే దాని కిందనుంచి వచ్చే ఆవిరికి దారి లేక, నీరై మళ్లీ దాన్నే తడుపుతుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇంకా ఘోరం. దీనికి విదేశీ వంటల వీడియోల్లో తీగల స్టాండు చూపిస్తారు. మన ఇంట్లో పుల్కాలు కాల్చుకునే జాలీ ఉంది కదా, దాన్ని గిన్నె మీద బోర్లా పెట్టి వాఫిల్‌ను దాని మీద రెండు నిమిషాలు ఉంచండి. చాలు.

పిండి విషయంలో నా కొలత ఇది. కప్పు మైదా, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ లేదా బియ్యప్పిండి, చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, మూడు పెద్ద చెంచాల కరిగించిన వెన్న. కరకర రావడానికి కారణం ఆ బియ్యప్పిండీ వెన్నా. చాలామంది లావైపోతామని వెన్న తగ్గిస్తారు, తర్వాత తోలులా వచ్చిందని మిషన్‌ను తిడతారు. గుడ్డు తిననివాళ్లు పాలకు బదులు పులిసిన చిక్కటి మజ్జిగ, పావు చెంచా వంటసోడా వాడితే సరిపోతుంది. పిండిని ఎక్కువసేపు గిలకొట్టొద్దు, ఉండలు కొన్ని మిగిలినా పరవాలేదు.

అయితే మా మిషన్‌ను అటక మీంచి దించింది మైదా కాదు. మా మేనల్లుడు. వాడు అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. కోచింగ్ సెంటర్లూ స్టడీ హాళ్లూ ఉన్న ఆ వీధుల్లో వాడిలాంటివాళ్లు వేలమంది. పండక్కి ఇంటికొచ్చి, "అత్తా, ఇది వాడట్లేదుగా" అని పట్టుకుపోయాడు. రూములో స్టవ్ లేదు. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర దోసెల పిండి ప్యాకెట్ కొని, ఉల్లిపాయ, పచ్చిమిరప, జీలకర్ర కలిపి అందులో పోయడం మొదలుపెట్టాడు. నెల తర్వాత చూడ్డానికి వెళ్తే నాకూ పెట్టాడు. పైన దిబ్బరొట్టె అంచులా కరకర, లోపల మెత్తగా, గళ్ల నిండా అల్లం పచ్చడి. వాఫిల్‌కు పేరుపడ్డ బెల్జియం వాళ్లు చూస్తే ఏమంటారో తెలియదు గానీ, ఆ పూటకి నేను మూడు తిన్నాను. వాడు చెప్పిన కిటుకు ఒకటే. దోసెల జారు పనికిరాదు, పిండి దిబ్బరొట్టెకు వేసేంత గట్టిగా ఉండాలి. తడి తక్కువైతే ఆవిరి తొందరగా అయిపోతుంది. నేను పైన అంతసేపు చెప్పింది వాడు పిండితో తేల్చేశాడు. ఆ మిషన్ నాకు తిరిగి రాలేదు. ఇంకోటి కొన్నాను.

కొనబోయేవాళ్లకు ఆ కొనుగోలు అనుభవం పనికొస్తుందేమో. బేగంబజార్‌లో గిన్నెను వేలితో కొట్టి చప్పుడు విని కొన్నట్టు కొనే వస్తువు కాదిది. అయినా దుకాణంలో చేతికి తీసుకుంటే కొన్ని తెలుస్తాయి. మూత మూసినప్పుడు రెండు ప్లేట్ల అంచులూ సమంగా కలుస్తున్నాయా, కీలు కొంచెం పైకి జరిగే వీలుందా చూడండి. పొంగే పిండికి చోటివ్వడానికే ఆ వదులు. ప్లేట్లు ఊడదీసి కడుక్కునే రకం కొంచెం ఖరీదు, కానీ కడగలేకే అటకెక్కిస్తున్నాం కాబట్టి డబ్బు పెట్టాల్సింది అక్కడే అంటాను. ప్లేట్లు ఊడనిదైతే ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవాలి. నేను మొదటిదాన్ని కుళాయి కింద పెట్టి కడిగాను. రెండు రోజులు ఎండలో పెడితే గానీ ప్లగ్గు పెట్టే ధైర్యం రాలేదు. స్టీలు పీచు అసలు తాకించొద్దు.

వాట్లు కూడా చూసుకోవాలి. 750 వాట్లంటే మూడున్నర ఆంపియర్ల లోపే, మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకు సరిపోతుంది. 1400 వాట్లు దాటితే గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. ఎర్త్ ఉన్న మూడు పిన్నులవే తీసుకోండి. కరెంటు బిల్లు గురించి భయం అక్కర్లేదు, 750 వాట్ల మిషన్ ఇరవై నిమిషాలు ఆపకుండా నడిచినా పావు యూనిట్టే. కొత్తదాన్ని మొదటిసారి పెట్టినప్పుడు కొంచెం పొగ, వాసన వస్తాయి. అది తయారీలో మిగిలిన నూనె. ఖాళీగా ఒకసారి కాచి, తుడిచి, మొదటి వాఫిల్ పారేస్తే పోతుంది. వాసన నాలుగోసారీ వస్తుంటే మాత్రం అది లోపమే.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే మిషన్ల సంగతి వేరు. అక్కడికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులకు హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో పిండి పోసి గిర్రున తిప్పే వాఫిల్ మిషన్ బాగా గుర్తుంటుంది. డల్లాస్ వైపు వెళ్లినవాళ్లైతే టెక్సాస్ రాష్ట్రం ఆకారంలో వచ్చే వాఫిల్ ఫొటోలు కూడా చూపిస్తారు. ఆ ముచ్చటతో ఒకటి సూట్‌కేసులో వస్తుంది. అది 120 వోల్టులది. మన గోడలో 230. వోల్టేజి దాదాపు రెండింతలైతే వేడి తీగ లాగే కరెంటూ అంతే పెరుగుతుంది, వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. వెయ్యి వాట్ల మిషన్ 3600 వాట్లు మింగబోయి క్షణాల్లో మాడిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజిని మార్చదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ, ఆ బరువూ ఖరీదూ చూస్తే ఇక్కడే కొత్తది కొనడం మేలు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు నక్షత్రాలు చూసి కొంటారు. ఆ నక్షత్రాలు ఎక్కువగా పెట్టె విప్పిన రోజే పడతాయి, పెట్టె బాగుందనీ రంగు బాగుందనీ. ఆరు నెలలు వాడి రాసినవాళ్ల మాట వెతకండి. కొన్నవాళ్ల అభిప్రాయాలను ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానికి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. మంచి పనే. కానీ తెచ్చినప్పుడు దాన్ని ఎవరి మీదా తప్పనిసరి చెయ్యలేదు.

ఇప్పుడు అసలు లోపాల దగ్గరికి వద్దాం. ఒక ప్లేటు కాగి రెండోది కాగకపోవడం, పది నిమిషాలైనా లైటు మారకపోవడం, బాడీ తాకితే జివ్వుమనడం, కొన్ని వారాలకే పూత పొరలుగా లేవడం, ఇవి మన వాడకం వల్ల వచ్చేవి కావు. వారంటీ ఉంది, అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు, మీరున్న జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. వస్తువుకు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. రెండు వేల మిషన్ కోసం ఇంత తతంగమా అనిపించొచ్చు. చాలాసార్లు 1915 దగ్గరే తెమిలిపోతుంది కాబట్టి ఆ ఫోన్ మాత్రం మానొద్దు.

వీటన్నిటికీ బిల్లు కావాలి. దుకాణంలో బిల్లుల మిషన్ మీద కొట్టి ఇచ్చే ఆ నున్నటి కాగితం వేడితో అచ్చయ్యేది. వంటింటి సొరుగులో పడేస్తే వారంటీ ఏడాది పూర్తవకముందే అక్షరాలు వెలిసిపోతాయి. కొన్న రోజే ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.